చమురు కర్మాగారములలోని మడ్డియు, మన బాయిలర్లలోని గారయు

(రంగు కార్ఖానాల యజమానులును, బాయిలరు పనివారును కూడిన మన సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నూలు వర్తకము చేసికొను మాకు చమురు శుద్ధి కర్మాగారముల ప్రసంగ మెందులకని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. మేము ఇంజనీర్లము కాము. కాని రంగు కార్ఖానాలకు నూలు అరువిచ్చి, చాదర్లు, టవళ్ళు అమ్ముడుపోయిన పిమ్మట పైకము రాబట్టుకొను వారము గనుక, కార్ఖానాల జమాఖర్చులు చాలవరకు మా కన్నులముందే నడచుచున్నవి. నూలు ధర ఎంత పెరిగినది, రంగుల ధర ఎంత పెరిగినది, కూలి ఎంత పెరిగినది అను ముచ్చట ప్రతివాని నోటను వినబడును. కట్టెలకును, బొగ్గునకును ఏటేట ఎక్కువ వ్యయమగుట ఎందులకని అడిగినచో మాత్రము ధర పెరిగినదని ఒక్కటే సమాధానము. ధర పెరిగిన మాట నిజమే. కాని కిలో నూలునకు నిరుడు ఎన్ని కిలోల కట్టె కాలినది, ఈ యేడు ఎన్ని కిలోలు కాలినది అని అడిగినచో లెక్క చెప్పగలవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. ధర మన చేతిలో లేదు. కాలిన తూకము మన చేతిలోనిది.

కాచిన వేడి గొట్టము గోడ దాటక నిలిచిపోవుట మన చిన్న కార్ఖానాలకే వచ్చిన తెగులు కాదు. లోకములోని మహా కర్మాగారములకును ఇదే తెగులు కలదు. వారు దీనిని దశాబ్దములుగా పరిశోధించి, అంకెలలో నిలిపినారు. అందుచేతనే ముందుగా వారి సంగతి చెప్పి, తరువాత మన పేటలకు వత్తుము.

మన లారీలలో పోయు డీజిలు ఎక్కడినుండి వచ్చుచున్నది? ముంబై తీరమున నూనె శుద్ధియై, పూణె మీదుగా భూమిలో పాతిన గొట్టముద్వారా మన ఊరి చెంత పాకణీ వరకు వచ్చుచున్నది. ఆ గొట్టము హిందుస్తాన్ పెట్రోలియము వారిది. అదే సంస్థ మన తెలుగు తీరమున విశాఖపట్టణములోను ఒక కర్మాగారమును నడుపుచున్నది. విశాఖ కర్మాగారమును 1957లో కాల్టెక్సు కంపెనీవారు ప్రారంభించినారు. అప్పటి సామర్థ్యము సంవత్సరమునకు 6 లక్షల 75 వేల టన్నులు. 1976లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనగా, 1978లో హిందుస్తాన్ పెట్రోలియములో కలిసినది. క్రమముగా 83 లక్షల టన్నులకు పెరిగి, ఇటీవలి విస్తరణతో 1 కోటి 50 లక్షల టన్నుల సామర్థ్యమునకు చేరినది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు జిల్లాలనుండి మగ్గములు మూపున బెట్టుకొని వచ్చిన మన తాతలకు ఈ యూరి పెద్ద మిల్లుల పొగగొట్టములే ఆశ్చర్యము గొలిపినవి. విశాఖ కొండలప్రక్కన నిలిచిన ఆ స్తంభములను చూచిన మనవారికి నేడు కలుగు ఆశ్చర్యము అంతకు తక్కువ కాదు.

ముడి చమురు నల్లని చిక్కని ద్రవము. దానిని 350 మొదలు 370 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, ఎత్తయిన స్తంభములోనికి పంపుదురు. తేలిక పాళ్ళు ఆవిరియై పైకి పోవును. కిరసనాయిలు, డీజిలు నడిమి అంతస్తులలో చల్లబడి దిగును. బరువైన అవశేషము అడుగున నిలుచును. ఈ కాచుట అంతయు నిప్పుతోనే చేసినచో, మేము వేసికొన్న లెక్క ప్రకారము, నూరు టన్నుల చమురునకు రెండు మూడు టన్నుల చమురు పొయ్యికే సమర్పింపవలసి యుండును. సన్నని లాభముమీద నడచు వ్యాపారమున అది చిన్న సంగతి కాదు.

కావున వారొక యుక్తి పన్నినారు. స్తంభమునుండి వెలుపలికి వచ్చు కిరసనాయిలు, డీజిలు, అడుగు అవశేషము, ఇవన్నియు కాగుచునే వచ్చును. నిలువ చేయుటకు ముందు వానిని ఎట్లును చల్లార్పవలెను. లోనికి పోవు ముడి చమురో చల్లగా నున్నది. ఈ రెంటిని ఒకదానిప్రక్క నొకటి పారించినచో, పోవు సరకు తన వేడిని వచ్చు సరకునకు ఇచ్చిపోవును. తెల్లవారుజామున బండికి పోవు చుట్టము తాను కప్పుకొన్న చాదరును అప్పుడే దిగిన చుట్టమునకు కప్పిపోయినట్లన్నమాట. ఈ పనిచేయు యంత్రమునే హీట్ ఎక్స్ఛేంజరు, అనగా ఉష్ణవినిమయ యంత్రము, అందురు. పెద్ద ఉక్కు పీపాలో వందలకొలది సన్నని గొట్టములు బారుగా నమర్పబడి యుండును. సాధారణముగా గొట్టములలోపల ముడి చమురు, వెలుపల వేడి సరకు పారును. ద్రవములు కలియవు, గోడగుండ వేడి మాత్రము దాటును. ఇట్టి యంత్రములను వరుసగా నిలిపి, ముడి చమురును 250 మొదలు 280 డిగ్రీల వరకు ఉచితముగా వేడెక్కించి, మిగిలిన దానికి మాత్రమే బట్టీలో నిప్పు పెట్టుదురు. కావలసిన వేడిలో నూటికి 60, 70 పాళ్ళు ఈ విధముగా తిరిగి చేతికి వచ్చును.

ఇంత చక్కని యేర్పాటునకు శత్రువు ఆ గొట్టపు గోడమీద పట్టు పొర. ఇంగ్లీషున దానిని ఫౌలింగు అందురు. మనము మడ్డి పట్టుట అని చెప్పికొందము.

ఈ మడ్డి ఒకే జాతిది కాదు. చమురుతోబాటు బావినుండి ఉప్పునీరు, మన్ను వచ్చును. వీనిని తొలగించుటకు 120 మొదలు 140 డిగ్రీల కడ ఉప్పు తీయు తొట్టె యొకటి ఉండును. అది సరిగా పనిచేయనినాడు ఆ ఉప్పు ముందటి గొట్టములలో దిగి పేరుకొనును. చమురులోని గంధకము ఇనుమును తిని ఇనుప గంధకిదము అను నల్లని పొడిని పుట్టించును. అదియు పొరలో చేరును. అన్నిటికంటె మొండిది ఆస్ఫాల్టీను. అది చమురులో కరగియు కరగని స్థితిలో తేలాడు బరువైన పదార్థము. తేలిక చమురును, బరువు చమురును తెలియక కలిపినప్పుడు, నిమ్మరసము పడిన పాలవలె ఆస్ఫాల్టీను విరిగి వేరుపడును. విడివిడిగా ఏ దోషమును లేని రెండు చమురులు కలిసినంతనే గొట్టములను కప్పివేయుట కలదు. మన రంగువారికి ఇది వింత కాదు. కఠినమైన నీటిలో సబ్బు వేసినప్పుడు తేలు తెట్టెను చూడని వారెవరు? గొట్టముల వరుస చివర, గోడ మిక్కిలి కాగు చోట, ఈ పొర మెల్లగా కాలి బొగ్గువలె గట్టిపడును. అప్పుడు దానిని గొలుకుటయు కష్టమే.

పొర వలన నష్టమెంత? కార్బను ఉక్కు వేడిని పోనిచ్చు శక్తితో పోల్చిచూచినచో ఈ మడ్డి శక్తి యాభయ్యవ వంతు మొదలు నూరవ వంతు వరకే యుండును. కొన్నిటికి అంతకంటెను తక్కువ. అనగా ఒక్క మిల్లీమీటరు మడ్డి, వేడికి అడ్డుపడుటలో, 50 మొదలు 100 మిల్లీమీటర్ల ఉక్కుగోడతో సమానము. గొట్టము గోడయే రెండు మూడు మిల్లీమీటర్లుండగా, దానిలోపల మరియొక బెత్తెడు ఉక్కుగోడ కట్టినట్లగును. మరియు ఈ నష్టము పొర దళసరి యైన పిమ్మట మొదలగునది కాదు. శుభ్రమైన గోడకు వేడిని అడ్డు చాల తక్కువ గనుక, మొట్టమొదటి పలుచని పొరయే ఎక్కువ లాభమును కొట్టివేయును. తరువాతి పొరలు అంతగా హరింపవు. కంటికి కనబడునంత మందమైన పిమ్మట చూతమనుకొనువాడు పెద్ద నష్టమును అప్పటికే పొందియుండును.

ఒక లెక్క వేసి చూచితిమి. దినమునకు 20,000 టన్నుల చమురు కాచు కర్మాగారమున్నదనుకొందము. మడ్డి పట్టినందున చమురు బట్టీలోనికి ఒక్క డిగ్రీ తక్కువ వేడితో ప్రవేశించినదనుకొందము. ఆ ఒక్క డిగ్రీని నిప్పుతో పూరించుటకు దినమునకు సుమారు ఒకటిన్నర టన్ను ఇంధన నూనె అదనముగా కాల్పవలెను. పది డిగ్రీలు తగ్గినచో దినమునకు 15 టన్నులు, నెలకు 450 టన్నులు. ఎవడును దొంగిలింపలేదు, ఎక్కడను కారలేదు, పొగగొట్టమునుండి ఆకాశమునకు పోయినది.

నష్టము అంతటితో ఆగదు. బట్టీకిని ఒక హద్దు కలదు. అంతకు మించి మంట పెట్టుటకు వీలులేదు. ఆ హద్దు చేరిన పిమ్మట చమురు పరిమాణమునే తగ్గింపవలెను. అంతేకాక మడ్డితో గొట్టపు రంధ్రము సన్నమగును గనుక, పంపు మునుపటికంటె ఎక్కువ ఒత్తిడితో త్రోయవలెను. ఇంధనము హెచ్చి, విద్యుత్తు హెచ్చి, ఉత్పత్తి తగ్గి, మూడు వైపులనుండి దెబ్బ తగులును.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. మడ్డి పట్టునని ముందే యెరిగిన యంత్ర నిర్మాతలు కావలసిన దానికంటె పెద్ద యంత్రమును, ఎక్కువ గొట్టములతో చేయుట చిరకాలముగా ఆచారమై యున్నది. గొట్టము లెక్కువైనచో ఒక్కొక్క గొట్టములో చమురు మెల్లగా పారును. మెల్లగా పారు చోటనే మడ్డి బాగుగా నిలుచును. అనగా మడ్డికి భయపడి తెచ్చిన పెద్ద యంత్రమే మడ్డిని పెంచును. వేగముగా పారు ద్రవము గోడను రాచుకొనిపోవుచు పొరను నిలువనీయదు. 1995లో ఎబర్టు, పంచాల్ అను పరిశోధకులు దీనినొక సూత్రముగా వ్రాసినారు. ఫలానా వేగమున, ఫలానా వేడికి లోబడి గోడ ఉన్నంతకాలము మడ్డి పేరుకొనుట మిక్కిలి స్వల్పమని, ఆ హద్దు దాటినప్పుడు పెరుగునని దాని సారాంశము. నేటి పరిశోధనలకు అది ఆధారముగా నిలిచినది.

యంత్రము విప్పకుండ లోపలి మడ్డిని ఎట్లు కనుగొందురు? వేడి సరకు లోనికి వచ్చుచోట, వెలుపలికి పోవుచోట, చల్లని సరకు లోనికి వచ్చుచోట, వెలుపలికి పోవుచోట, ఈ నాలుగు చోట్ల ఉష్ణమాపకములు అమర్చి, పారిన పరిమాణమును కూడ వ్రాసికొందురు. ఈ అంకెలనుండి ఎంత వేడి దాటినదో, శుభ్రముగా నున్నప్పుడు ఎంత దాటెడిదో లెక్కగట్టుదురు. ఆ భేదమే మడ్డి. తరువాత తేల్చుకొనవలసినది ఒక్కటే. యంత్రమును ఆపి, గొట్టముల కట్టను వెలుపలికి లాగి, మహా ఒత్తిడి గల నీటి ధారతో కడిగించుటకు ఇన్ని రూపాయలు, ఆగిన దినములకు ఇన్ని రూపాయలు నష్టము. కడుగక నడిపినచో దినదినమును ఇంత ఇంధనము నష్టము. రెండవది మొదటిదానిని మించు దినమున యంత్రమును ఆపుదురు. ఈ తీర్పు చెప్పునది అంకెలే గాని మేనేజరు గారి మనసు కాదు.

ఇక మన పేటలకు వత్తుము. సాఖర్‌పేట, దాజీపేట, భద్రావతిపేటల నుండి అక్కలకోట రోడ్డు పారిశ్రామిక ప్రాంతము వరకు చిన్నవియు పెద్దవియు రంగు కార్ఖానాలు ఉన్నవి. ఈ యూరి చాదరునకును, టవలునకును భౌగోళిక గుర్తింపు ముద్ర లభించినది. ఆ రెంటికిని ప్రాణము పక్కా రంగు. రంగు పట్టుటకు 60 మొదలు 80 డిగ్రీల నీరు కావలెను. రంగు వేసిన పిమ్మట సబ్బు నీట మరిగించుటకు 90 డిగ్రీలకు పైబడవలెను. ఈ వేడి అంతయు బాయిలరు ఆవిరినుండి వచ్చుచున్నది.

మన బాయిలరు కూడ ఒక ఉష్ణవినిమయ యంత్రమే. ఒక ప్రక్క నిప్పు, వేడి పొగ. ఒక ప్రక్క నీరు. నడుమ ఉక్కు గొట్టము. పొగ వైపు మసి పట్టును. నీటి వైపు గార పట్టును. ఈ యూరు నల్లరాతిమీద కూర్చున్నది. ఆ రాతి పగుళ్ళలోనుండి వచ్చు బోరు నీరు సున్నమును, మెగ్నీషియమును కరగించుకొని వచ్చును. నీరు కాగగానే కరగిన సున్నము కరగని సున్నపురాయిగా మారి, మిక్కిలి వేడిగానున్న చోటనే అంటుకొనును. మన ఇంటి నీళ్ళు కాచుకొను బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టుట ఆడవారు ఎరుగనిది కాదు. వారు చింతపండుతో తోమి తీసివేయుదురు. బాయిలరును తోమువారు లేరు.

కేంద్ర ప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థ అగు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు తమ గ్రంథములలో ఇట్లు చెప్పుచున్నారు. నీటి వైపు ఒక మిల్లీమీటరు గార పట్టినచో ఇంధనము నూటికి 5 మొదలు 8 పాళ్ళు ఎక్కువ కాలును. పొగ వైపు 3 మిల్లీమీటర్ల మసి పట్టినచో నూటికి రెండున్నర పాళ్ళు ఎక్కువ కాలును. పొగగొట్టమునుండి పోవు పొగ వేడి ప్రతి 22 డిగ్రీలు పెరిగినప్పుడు సుమారు నూటికి ఒక పాలు నష్టము. దినమునకు 1,000 కిలోల కట్టె కాల్చు కార్ఖానాలో ఒక మిల్లీమీటరు గారకు దినమునకు 50 మొదలు 80 కిలోలు. సంవత్సరమునకు 300 దినములు పని జరిగినచో 15 మొదలు 24 టన్నులు. ఈ లెక్క మీరే ఇంటికి పోయి, మీ మీ ధరతో వేసి చూచుకొనుడు. మేము చెప్పిన మొత్తమును నమ్మవలసిన పనిలేదు.

చమురు యంత్రములో ఒక మిల్లీమీటరు పొర అంత ఘోరము చేయగా బాయిలరులో నూటికి 8 పాళ్ళేనా అని మీరు అడుగవచ్చును. చమురు యంత్రములో రెండు వైపులను ద్రవములే. గోడకు అడ్డు తక్కువ గనుక పొరయే ప్రధానమైన అడ్డగును. బాయిలరులో నిప్పు పొగ వైపున వేడి దాటుటకు సహజముగనే పెద్ద అడ్డు కలదు. గార దానిమీద ఒక చిన్న కూడిక మాత్రమే. ఇది విని ఊరటపడవలదు. గార వలన వేరొక కీడు కలదు, అది రూపాయలలో లెక్కకు రానిది. శుభ్రముగానున్న గొట్టము నిప్పు ప్రక్కను ఉన్నను నీటి వేడికి దగ్గరగనే యుండును, ఏలనగా నీరు దానిని నిరంతరము చల్లార్చుచుండును. గార పట్టిన చోట నీరు గోడను తాకదు. ఉక్కు ఎర్రబడును. వేడి మితిమీరిన ఉక్కునకు బలము తగ్గును. ఆవిరి ఒత్తిడికి ముందు ఉబ్బి, పిమ్మట పగులును. ఆ క్షణమున బాయిలరు ముందు కట్టె వేయుచు నిలిచియుండువాడు కార్ఖానాదారుడు కాడు, ఏడెనిమిది వేల కూలితోనో, పదివేల కూలితోనో ఇల్లు నడుపుకొను మన పేటవాడే.

బాయిలర్ల ప్రమాదములు చూచియే మన దేశమున 1923లో బాయిలర్ల చట్టము చేసినారు. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. ఏటేట పరీక్ష, ధ్రువపత్రము కావలెనను నియమము నాటినుండి ఉన్నదే. పరీక్షకుడు వచ్చు వారము ముందు మాత్రము గొట్టములు గొలికించి, తరువాత పదకొండు నెలలు మరచిపోవుట ఆ నియమము ఉద్దేశము కాదు.

పేరు చెప్పము గాని, మన పేటలలో జరిగినదే ఒకటి చెప్పెదము. ఒక కార్ఖానాలో ఆవిరి చాలుట లేదనిరి. ఉదయము తొట్టెలు కాగుటకు మునుపటికంటె గంట ఎక్కువ పట్టుచున్నదనిరి. బాయిలరు ముసలిదైనదని నిశ్చయించి, అప్పు చేసి పెద్దది తెచ్చిరి. పాతదానిని తుక్కు క్రింద అమ్మిరి. తుక్కు వర్తకుడు గొట్టములు కోయించినప్పుడు చూడగా, నీటి వైపున గార పెచ్చులు పెచ్చులుగా వచ్చినది. గొట్టములు మాత్రము గట్టిగనే యున్నవి. క్రొత్త బాయిలరులోను ఆ బోరు నీరే పోయుచున్నారు. చమురు కర్మాగారముల నిర్మాతలు మడ్డికి భయపడి పెద్ద యంత్రము చేయుటకును, దీనికిని ఎంత దగ్గరి పోలికయో గమనింపుడు.

మరి ఏమి చేయవలెను? అన్నిటికంటె ముందు నీరు. బాయిలరులోనికి పోవు నీటిని మెత్తన చేయు సాఫ్ట్‌నరు యంత్రము పెద్ద వింత వస్తువు కాదు. దానిలోని రెజిను గుళికలు సున్నమును తాము పట్టుకొని, సోడియమును నీటికి విడుచును. గుళికలు నిండిన పిమ్మట మామూలు ఉప్పునీటితో కడిగినచో మరల పనికి సిద్ధమగును. చాలచోట్ల ఈ యంత్రము కొన్నారు గాని, ఉప్పు వేయుట మరచినారు. ఉప్పు వేయని సాఫ్ట్‌నరు తలుపు తెరచి పెట్టిన కాపలావాని వంటిది. వారమునకు ఒకమారైనను దానినుండి వచ్చిన నీటి కఠినతను పరీక్షింపవలెను. ఆ పరీక్షకు కావలసిన మందు సీసాలు చవుకగనే దొరకును. మరియు మెత్తని నీటివలన రంగు సమముగా పట్టును, మచ్చలు తగ్గును. ఇంధనము కొరకు కాకున్నను చాదరు కొరకైనను దీనిని చేయదగును.

రెండవది బ్లోడౌను, అనగా బాయిలరు అడుగు నీటిని వేళకు విడుచుట. ఆవిరి శుద్ధమై పోవును, లోపల మిగిలిన నీటిలో లవణములు చిక్కబడును. కొంచెము నీరు విడిచి, వానిని పలుచన చేయవలెను. వేడినీరు వృథా యగునని విడువకుండుట గారను కొనితెచ్చుకొనుటయే. అదేపనిగా విడుచుటయు నష్టమే. నీటిలోని లవణముల కొలత చూచి విడువవలెను గాని గడియారము చూచి కాదు.

మూడవది గార తీయుట. ఇది యాసిడ్డుతో చేయు పని. యాసిడ్డు గారను తినునపుడు బొగ్గుపులుసు వాయువు పొంగును. ఉక్కును తాకినచో మండు స్వభావము గల హైడ్రోజను వాయువు పుట్టును. అందుచేత యాసిడ్డులో ఉక్కును కాపాడు మందు కలపవలెను. దగ్గర దీపము, బీడీ ఉండరాదు. అనుభవజ్ఞులు లేనిదే ఇది చేయించరాదు. కూలి తక్కువకు వచ్చినాడని గోడలకు సున్నము వేయువానిచే యాసిడ్డు పోయించుట మేము విన్నాము. అది మిక్కిలి తప్పు.

మన ఊరిలో కొందరు యువకులు ఇటీవల వేడి మురుగు నీటి వలన చల్లని నీటిని కాచుకొను పలకల యంత్రములు పెట్టవలెనని తలచుచున్నారు. తొట్టెనుండి 70, 80 డిగ్రీలతో పోవు నీరు కాలువపాలగుట చూచి వారి కడుపు తరుగుకొనిపోవుట న్యాయమే. విశాఖలో చేయుచున్న పనియే ఇది, చిన్న ఎత్తున. కాని ఆ మురుగునీటిలో నూలు పీచు, రంగు, సోడా, గంజి ఉండును. పలకల నడుమ సందు మూడు నాలుగు మిల్లీమీటర్లే. పీచు వడగట్టు జల్లెడ లేక ఈ యంత్రము పెట్టినవారు వారములలోనే విసిగి దానిని మూలకు నెట్టుదురు. జల్లెడ ముందు కొనుడు, యంత్రము తరువాత కొనుడు. జంట జల్లెడ లుండినచో ఒకటి కడుగుచుండగా రెండవది పనిచేయును.

ఇప్పుడు ముఖ్యమైన అడ్డంకి చెప్పెదము. ఇవన్నియు తెలియక ఆగినవారికంటె, తెలిసియు ఆపలేకపోవు వారే ఎక్కువ. దసరా, దీపావళి గిరాకీ, పెండ్లిండ్ల గిరాకీ. బాయిలరు రెండు దినములు ఆపినచో నూలు ఆగును, నూలు ఆగినచో సాంచలు ఆగును, సాంచలు ఆగినచో వారపు కూలి ఆగును. సరకు గడువు తప్పినచో వ్యాపారి మాట తప్పినవాడగును. మిగిలిన పది దినములలో పైకము కట్టవలెను. చిన్న కార్ఖానాదారుడు ఇక గార సంగతి ఎట్లు తలచును? ఈ ముడి ఒక్క కార్ఖానాదారుడు విప్పగలిగినది కాదు. నూలు ఇచ్చు వర్తకులు, సరకు కొను వర్తకులు కలిసి విప్పవలెను. చమురు కర్మాగారమువారు ఆగిన దినముల నష్టమును, ఆగని దినముల నష్టమును ప్రక్కప్రక్కన వ్రాసికొన్నట్లు, మనమును వ్రాసికొన్నచో, వానలు కురియు దినములలో, గిరాకీ మందగించినపుడు రెండు దినములు ఆపుట ఎవరికిని భారము కాదని తేలును.

వ్రాసికొనుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక చిట్టా పుస్తకము చాలును. దినమునకు రంగు వేసిన నూలు ఎన్ని కిలోలు, కాలిన కట్టె లేక బొగ్గు ఎన్ని కిలోలు, మధ్యాహ్నము రెండు గంటల వేళ పొగగొట్టమున పొగ వేడి ఎంత, సాఫ్ట్‌నరునకు ఉప్పు వేసిన తేది, నీటి కఠినత. పొగ వేడి చూచుటకు ఒక ఉష్ణమాపకము పొగగొట్టమునకు పెట్టించవలెను. గార తీసి మసి దులిపిన మరునాటి పొగ వేడిని మొదటి పుటలో ఎర్రసిరాతో వ్రాయుడు. తరువాత నెలనెల ఆ యంకెనుండి ఎంత పెరిగినదో చూచుడు. పనిభారము మారకుండ 20, 25 డిగ్రీలు పెరిగినచో మీ లోపలి పొర మిమ్ము పిలుచుచున్నదన్నమాట. ఈ పుస్తకము వ్రాయవలసినవాడు గుమాస్తా కాదు, బాయిలరు ముందు నిలుచువాడు. వానికి అక్షరములు రానిచో వాని పిల్లలకు వచ్చును. తెలుగులో వ్రాసినను, మరాఠీలో వ్రాసినను అంకెలు ఒక్కటే.

మా వంతు మేము చెప్పి ముగించెదము. మా అంగడినుండి నూలు తీసికొను ఏ రంగు కార్ఖానా యైనను, బాయిలరు శుభ్రము చేయుటకు ఆపిన రెండు దినములను సరకు గడువునకును, పైకము గడువునకును కలిపి పొడిగించెదము. దానికి వడ్డీ లేదు. తక్కిన నూలు వర్తక సోదరులును ఇట్లే ఒప్పుకొందురని మా విన్నపము. ఆపదలచిన తేదీని వారము ముందు మన సంఘ కార్యాలయములో వ్రాయించినచో, ఒకే వారమున అందరును ఆపకుండ వరుస క్రమము ఏర్పరచుటకు వీలగును.